పిట్స్‌బర్గ్‌లో ప్రతి చోటా కనిపించే పేరు: ఆండ్రూ కార్నెగీ

అబ్బాయి దగ్గరికో, అమ్మాయి దగ్గరికో అమెరికా వెళ్ళి నాలుగైదు నెలలు గడిపి వచ్చేవారు మన సభ్యులలో చాలామందే ఉన్నారు. వారిలో పిట్స్‌బర్గ్ చూసినవారు ముందుగా చెప్పేది పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం గురించి. 1970 దశకంలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి సహాయంతో వెలసిన ఆలయమది. దర్శనం అయ్యాక పిల్లలు నదీ సంగమానికి తీసుకువెళతారు. అలిగెనీ, మొనంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారేది ఊరి నడిబొడ్డునే. 1877 నుండి కొండ ఎక్కి దిగుతున్న డుకేన్ ఇంక్లైన్ అనే బండిలో పైకి వెళితే మూడు నదులు, వాటి మీది వంతెనలు ఒక్క చూపులో కనబడతాయి. ఆ తరువాత మ్యూజియం, గ్రంథాలయం, విశ్వవిద్యాలయం చూపిస్తారు. ఈ మూడింటి మీదా ఉండే పేరు కార్నెగీ. పింఛను మీద బ్రతుకుతున్న మనం ఈయన జీవితం తెలుసుకోవలసిన అవసరం ఉంది.

ఆండ్రూ కార్నెగీ 1835 నవంబరు 25న స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి విలియం చేనేత కార్మికుడు. ఆవిరి మగ్గాలు వచ్చి చేతి మగ్గాన్ని మూలన పడేశాయి. మిల్లు గుడ్డ వచ్చి మన చేనేత కుటుంబాలకు ఏమి జరిగిందో తెలిసినవారికి ఆ ఇంటి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. తల్లి మార్గరెట్ చెప్పులు కుట్టి సంసారం లాగింది. 1848లో అప్పు చేసి ఓడ ఎక్కి, పిట్స్‌బర్గ్‌కు నది ఆవలి ఒడ్డున ఉన్న అలిగెనీ ఊరు చేరారు.

పదమూడేళ్ళ ఆండ్రూ నూలు మిల్లులో కండెలు మార్చే పనికి కుదిరాడు. జీతం వారానికి ఒక డాలరు ఇరవై సెంట్లు. తరువాత తంతి కార్యాలయంలో తంతులు అందజేసే కుర్రవాడుగా చేరి, యంత్రం చప్పుడు చెవితో విని సందేశం చెప్పగల ఆపరేటరు అయ్యాడు. ఆ రోజులలో కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన ఇంటి పుస్తకాలను శనివారాలలో పనిచేసే పిల్లలకు ఇచ్చేవాడు. ఆండ్రూకు చదువు అబ్బింది అక్కడే. 1853లో పెన్సిల్వేనియా రైల్వేలో చేరి, 1859 నాటికి పిట్స్‌బర్గ్ డివిజను సూపరింటెండెంటు అయ్యాడు.

1865లో రైల్వే ఉద్యోగం వదిలి ఇనుప వంతెనల వ్యాపారంలో దిగాడు. బెస్సెమర్ పద్ధతిలో ఉక్కు చవకగా తయారవుతుందని గ్రహించి, మొనంగహేలా తీరాన బ్రాడక్‌లో 1875లో పెద్ద కర్మాగారం నడిపించాడు. 1883లో హోమ్‌స్టెడ్ కర్మాగారం కూడా కొన్నాడు. ప్రతి పైసా ఖర్చుకు లెక్క కట్టడం ఆయన పద్ధతి. ఆ లెక్కలో కార్మికుడి కూలి కూడా ఒక పద్దే. పన్నెండు గంటల పనిదినం అక్కడ మామూలు.

1892లో కార్మికులతో ఒప్పందం గడువు తీరింది. కంపెనీ వేతనాలు తగ్గించదలచింది. అంతకు ఆరేళ్ళ క్రితం కార్మిక సంఘాలను సమర్థిస్తూ వ్యాసాలు వ్రాసిన కార్నెగీ, వ్యవహారమంతా హెన్రీ ఫ్రిక్‌కు అప్పగించి స్కాట్లండు వెళ్ళిపోయాడు. ఫ్రిక్ కర్మాగారానికి లాకౌట్ ప్రకటించాడు. జూలై 6న మూడు వందల మంది పింకర్టన్ కాపలాదార్లను పడవలపై నది మీదుగా దింపబోయాడు. ఒడ్డున కార్మికులు అడ్డుకున్నారు. కాల్పులలో ఇరువైపులా కలిపి పదిమంది దాకా మరణించారు. రాష్ట్ర సైన్యం వచ్చింది. నవంబరుకు సమ్మె విఫలమైంది. ఆ కర్మాగారాలలో సంఘం తిరిగి నిలదొక్కుకోవడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆయన దానాలు మాత్రం ఆగలేదు. 1895లో పిట్స్‌బర్గ్‌లో గ్రంథాలయం, మ్యూజియం ఒకే భవనంలో తెరిచారు. నేటికీ పిల్లలు నోరు తెరుచుకుని చూసే డిప్లొడోకస్ అనే భారీ రాక్షసబల్లి అస్థిపంజరం, ఆయన సొమ్ముతో 1899లో వయోమింగ్‌లో తవ్వి తీసినది. 1900లో ఆయన నెలకొల్పిన సాంకేతిక పాఠశాలే 1967లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంగా మారింది. ప్రపంచమంతటా ఆయన సొమ్ముతో లేచిన గ్రంథాలయాలు 2,509. కానీ పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడిన మనిషికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిదని ఆనాడే ప్రశ్నించినవారున్నారు.

1901లో తన వ్యాపారమంతా 48 కోట్ల డాలర్లకు అమ్మివేశాడు. వెంటనే 40 లక్షల డాలర్లు గాయపడిన కార్మికులకు, మరణించినవారి కుటుంబాలకు, వృద్ధ కార్మికుల పింఛనులకు కేటాయించాడు. తన విజయానికి కారకులైనవారికి తాను ఋణపడి ఉన్నానని ఒప్పుకున్నాడు. 1905లో కళాశాల అధ్యాపకుల పింఛనులకు కోటి డాలర్లు ఇచ్చాడు. కొన్నాళ్ళకే ఆ నిధి చాలదని తేలింది. అందుచేత 1918లో అధ్యాపకులు, కళాశాలలు ఉభయులూ చందా కట్టే సంస్థ ఏర్పడింది. దాత చేతి సొమ్ము ఎంత పెద్దదైనా తరగక మానదని, క్రమం తప్పని ఏర్పాటే వృద్ధాప్యానికి ఆధారమని దీనివల్ల రుజువైంది.

1919 ఆగస్టు 11న మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో కార్నెగీ కన్నుమూశాడు. అప్పటికి సుమారు 35 కోట్ల డాలర్లు దానం చేశాడు.

ఆయన దాతృత్వం నిజం. హోమ్‌స్టెడ్ కూడా నిజం. వీటిలో ఒకటి చెప్పి రెండవది దాచడం న్యాయం కాదు. ఆయన పింఛను ఇచ్చాడు. అయితే అది యజమాని మనసు కరిగినప్పుడు వచ్చినది. మన దేశంలో 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయాభిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చింది. ఏటా ఆ రోజున పింఛనుదార్ల దినం జరుపుకునే మనకు ఈ తేడా బాగా తెలుసు.

హోమ్‌స్టెడ్ కర్మాగారం 1986లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాలు ఉన్నాయి. పన్నెండు పొగగొట్టాలు, నది ఒడ్డున నాటి పోరాటం జరిగిన చోట పంపుహౌసు మిగిలి ఉన్నాయి. పిట్స్‌బర్గ్ వెళ్ళే సభ్యులు మ్యూజియం చూసిన రోజునే పిల్లలను అడిగి ఆ పంపుహౌసుకు కూడా వెళ్ళిరావాలని కోరుతున్నాము.