నటుడు శ్రీ పైడి జైరాజు

శ్రీ పైడి జైరాజుగారు 1909 సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో విద్య నభ్యసించి, నటనాభిలాషచే 1929లో బొంబాయి చేరిరి. అవి మూకీ చిత్రముల దినములు. ఆ తెరపై నటునకు భాషతో పనిలేదు. 1931లో చిత్రములకు మాట వచ్చెను. మాట సరిగా పలుకజాలని తారలు పెక్కురు వెనుకబడిపోయిరి. జైరాజుగారిని మాత్రము హైదరాబాదులో అలవడిన ఉర్దూ నిలువబెట్టినది. అటుపిమ్మట టిప్పుసుల్తాను, పృథ్వీరాజ చౌహాను, అమరసింహ రాథోడు, చంద్రశేఖర ఆజాదు మున్నగు వీరుల పాత్రలు ధరించి హిందీ ప్రేక్షకుల మెప్పు బడసిరి. గాంధీమహాత్ముని హత్యను గూర్చి హాలీవుడ్డువారు తీసిన 1963 నాటి చిత్రమున ఘనశ్యామదాసు బిర్లా వేషము వీరిదే.

ఇంతటి నటుడు తెలుగు చిత్రమున ఒక్కదానను నటింపలేదు! ఆనాడు మన చిత్రములు మదరాసున తయారగుచుండెను. తెలంగాణపు యువకునకు బొంబాయి త్రోవయే సుగమము. రామానాయుడుగారి స్టూడియో వెలసిన మన నానక్‌రామ్‌గూడలో సైతము వీరి పేరు నెందరెరుగుదురో!

1980వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము వీరికి లభించినది. 2000 ఆగస్టు 11న, తొంబదియొకటవ యేట, ముంబయిలో దివంగతులైరి.