సాలార్‌జంగ్ చిత్రసంపద

పూర్వపు నవాబుల గృహాలలో ధనాగారంతోపాటు గ్రంథాగారం కూడా ఉండేది. ఆ గ్రంథాల నడుమ ‘మురక్కా’ అనే చిత్రసంపుటానికి విశిష్టస్థానం ఉండేది. వేర్వేరు చిత్రకారులు రచించిన చిత్రాలను, లేఖకుల అందమైన వ్రాతలను ఏరి, అంచులు దిద్ది, పుటలుగా కూర్చేవారు. అతుకులతో కూర్చినది అని ఆ అరబ్బీ పదానికి అర్థం. సంపుటం మూసి ఉన్నంతకాలం వెలుతురు సోకక నీటిరంగులు వన్నె తరగవు. అయితే దాని కుట్టు విప్పి ఒక్కొక్క పుటనూ విడిగా అమ్ముకోవడమూ సులభమే. పెద్ద ఇంటి యజమాని కన్నుమూసిన పిమ్మట ఇట్టి సంపుటాలు చెల్లాచెదరు కావడం చరిత్రలో పరిపాటి. అట్టి విపత్తును తప్పించుకొన్న చిత్రసంపద మన పాతనగరంలో ఉన్నది. దానిని కూర్చిన మహనీయుడు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, మూడవ సాలార్‌జంగ్.

ఆయన 1889 జూన్ నెలలో పూనాలో జన్మించారు. కొద్ది వారాలకే తండ్రి రెండవ సాలార్‌జంగ్ మరణించారు. తాతగారైన మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 వరకు, ముప్పది సంవత్సరాలు, హైదరాబాదు రాజ్యానికి దివానుగా పనిచేసిన ప్రజ్ఞాశాలి. ఆయన 1876లో ఇటలీ నుండి తెచ్చిన మేలిముసుగు రెబెక్కా శిల్పం ఆ వంశపు కళాభిరుచికి నిదర్శనం.

మూడవ సాలార్‌జంగ్ 1912లో, ఇరువది మూడేండ్ల ప్రాయంలో, ప్రధానమంత్రి పదవిని అధిష్ఠించి 1914లో విరమించారు. అధికారం వీడిన పిమ్మట కళాసేకరణమే ఆయన జీవితవ్రతమైనది. దివాన్ దేవిడీలోని ఆయన నివాసం క్రమంగా కళాభాండాగారంగా మారింది. బిజాపూరు, గోల్కొండ, హైదరాబాదు శైలుల దక్కనీ సూక్ష్మచిత్రాలు, మొగలు, రాజస్థానీ, పహాడీ చిత్రాలు, రాగమాలికలు, ఐరోపావారి తైలవర్ణ, జలవర్ణ చిత్రాలు, వేలాది అరబ్బీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులు అక్కడ చేరాయి. ఒక మతానికో, ఒక దేశానికో ఆయన దృష్టి పరిమితం కాలేదు.

ఆయన అవివాహితులు. 1949 మార్చి 2న పరమపదించేనాటికి సంతానం లేదు. ఇంతటి సంపద భాగాల పేరిట ముక్కలగునా అన్న ప్రశ్న తలెత్తింది. ఆ సంపదను ప్రదర్శనశాలగా అమర్చే భారం కళామర్మజ్ఞులైన జేమ్స్ కజిన్స్ వహించారు. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే దానిని ప్రారంభించారు. 1958లో కుటుంబీకులు రాజీ ఒప్పందం ద్వారా సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో దారుల్‌షిఫాలోని, మూసీ తీరపు నూతన భవనానికి తరలింది.

దివాన్ దేవిడీ భవనాలు చాలవరకు కాలగర్భంలో కలిసిపోయాయి. రాతికట్టడం నిలువలేదు, కాగితంపై రంగు నిలిచింది. ఆ రంగును నిలిపినది కాగితపు బలం కాదు. ఏరి కూర్చిన ఒక వ్యక్తి శ్రద్ధ, పంచుకొనక ప్రజలకు అప్పగించిన వారసుల అంగీకారం. విద్యార్థి సోదర సోదరీమణులారా! మన ఇండ్లలోనూ తాతముత్తాతల వ్రాతప్రతులు, చిత్రాలు, పాత కాగితాలు ఉండవచ్చును. చెదలకు, చిల్లరవర్తకులకు వాటిని వదలక భద్రపరచడమే ఆ నవాబుగారికి మనం అర్పించగల నిజమైన నివాళి.