హేలీ సముద్రయానము

ఎడ్మండ్ హేలీ పేరు వినగానే తోకచుక్క స్ఫురించును. కాని అతడు చిన్న నావలో అట్లాంటిక్ మహాసముద్రమంతయు తిరిగి, దిక్సూచిముల్లు పోకడను కొలిచిన సంగతి పలువురెరుగరు.

అతడు 1656లో లండన్ సమీపమున జన్మించెను. తండ్రి ధనికుడైన సబ్బుల వర్తకుడు. ఇరువదియేండ్ల ప్రాయమున హేలీ ఆక్స్‌ఫర్డ్ చదువును నడుమనే విడిచి, సెయింట్ హెలీనా ద్వీపమున కేగి, దక్షిణాకాశమునందలి 341 నక్షత్రముల స్థానములను నిర్ణయించెను.

దిక్సూచిముల్లు అంతటను సరిగా ఉత్తరమునే చూపదు. ఒకచోట తూర్పునకును, మరియొకచోట పడమరకును తొలగును. ఈ తొలగుటయే దిక్పాతము. దీని నెరుగని నావికునకు త్రోవ తప్పుట నిశ్చయము. దిక్పాతమును పలుచోట్ల కొలిచినచో నడిసముద్రమున రేఖాంశమును సయితము తెలిసికొనవచ్చునని హేలీ తలచెను. ప్రభుత్వ మతనికి పారమోర్ అను నావ నొసగెను. దాని పొడవు 52 అడుగులు మాత్రమే!

1698లో ప్రయాణము మొదలయ్యెను. ఖగోళజ్ఞుడు తనకు నాయకుడగుట సహింపని నావికాధికారి యొకడు అతనిని పదేపదే ధిక్కరించెను. రేఖాంశమును గూర్చి తాను వ్రాసిన గ్రంథమును హేలీ మెచ్చలేదను కక్ష అతని మనసున నుండెను. హేలీ అతనిని గదిలో నిర్బంధించి, తానే నావను నడుపుకొని ఇంగ్లండు చేరెను. అంతటితో విరమించినను తప్పుపట్టువారుండరు. కాని 1699లోనే అతడు మరల బయలుదేరెను.

ఈసారి పనిపిల్లవాడొకడు సముద్రమున పడి మరణించెను. 1700 ఫిబ్రవరిలో దక్షిణమున మంచుకొండ లెదురయ్యెను. మొదట వానిని ద్వీపములని భ్రమించిరి. దట్టమైన పొగమంచులో నావ వానికి తగులక తప్పించుకొనుట అదృష్టమే. పిదప సెయింట్ హెలీనా మీదుగా పోయి, ఆ సంవత్సరమే స్వదేశమునకు మరలెను. 1701లో సమాన దిక్పాతము గల స్థలములను రేఖలతో కలిపి పటమును ప్రకటించెను. అచ్చయిన పటములలో ఇట్టిది అంతకుముందు లేదు.

అతని కొలతలు పెక్కు నడిసముద్రమున జరుగుట మేలయ్యెను. అగ్నిపర్వత ద్వీపములందలి శిలలకు స్వయముగా అయస్కాంతత్వ ముండును. అవి ముల్లును తమవైపు లాగును. ఆ కాలమున నెవరికిని తెలియని చిత్రము మరియొకటి కలదు. ఉప్పునీటి గుండా విద్యుత్తు సులభముగా ప్రవహించును. మిక్కిలి ఎత్తున వాయుమండలమునందలి విద్యుత్ప్రవాహములు మారినపుడు భూమి అయస్కాంత క్షేత్రము స్వల్పముగా చలించును. ఆ చలనము సముద్రజలమునను ప్రవాహములను పుట్టించును. ఏటినీరు బండరాతిని చుట్టిపోవునట్లు, అవి ద్వీపమును చుట్టిపోవును. కావున ఒకే దీవి యొక్క రెండు తీరములందలి పరికరములు ఒకే సమయమున వేర్వేరు మార్పులను చూపును.

దిక్పాతము ఏటేట మారుచుండును. హేలీ పటముతో రేఖాంశపు చిక్కు వీడలేదు. అయినను దానిని ఎప్పటికప్పుడు సవరించుచు నావికులు చిరకాలము వాడుకొనిరి. హేలీ 1742లో, 85 ఏండ్ల వయసున మరణించెను. అతడు చెప్పిన తోకచుక్క 1758లో మరల కనబడెను.