కట్నంతో విడిపించిన పనిముట్లు

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. ఆ తర్వాత బెర్తా బెంజ్ గారి దగ్గరికి వెళ్దాం.

పోయిన వేసవిలో అమ్మ, నాన్న, నేను కారులో ఖమ్మం నుంచి హైదరాబాద్ వస్తున్నాం. సూర్యాపేట దాటాక ముందు చక్రం పంచరైంది. నాన్నకి నడుం నొప్పి, వంగలేరు. కానీ మెకానికల్ థర్డ్ ఇయర్ చదివే కూతురు పక్కనే ఉంటే దిగులేముంటుంది? నేను దర్జాగా దిగి, డిక్కీలోంచి జాకీ తీసి, బండి పైకి లేపేశాను. వీల్ స్పానర్ పెట్టి తిప్పాను. నట్టు కదల్లేదు, చక్రమే గిరగిరా తిరిగింది. నాన్న చూస్తున్నారు, అమ్మ చూస్తోంది, ఎండ మాడ్చేస్తోంది. అరగంట గడిచింది.

అటుగా ఆగిన లారీలోంచి క్లీనర్ కుర్రాడు ఒకడు దిగొచ్చాడు. నా వయసే ఉంటుంది. మాట్లాడకుండా జాకీ కిందికి దించాడు. చక్రం నేలకి ఆనాక స్పానర్ మీద కాలు పెట్టి, తన బరువంతా దాని మీద వేసి, నాలుగు నట్లూ ఒక్కో చుట్టు వదులు చేశాడు. అప్పుడు బండి లేపి, స్టెప్నీ వేసి, పావుగంటలో పని ముగించాడు. నేనేం చదువుతున్నానో అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

బోల్టు బిగింపు, ప్రీలోడ్, టార్క్ లెక్కలు ఇవన్నీ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే. నట్టు మాత్రం జీవితంలో ఒక్కటీ విప్పలేదు.

ఇంటికొచ్చాక నాకు టూల్ కిట్ కావాలని అడిగాను. మెకానిక్ ఉన్నాడుగా, నీకెందుకన్నారు నాన్న. మా అమ్మ నా పెళ్లి పేరు చెప్పి నెలనెలా చిట్టీ కడుతుంది. అందులోంచి నాలుగు వేలు ఇమ్మన్నాను. అంతే, ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. ఆ మూడు రోజుల్లోనే, మన క్లబ్బు జీవితచరిత్రల సంచికకి ఏం రాయాలా అని వెతుకుతుంటే బెర్తా బెంజ్ తగిలారు. మెర్సిడెస్ బెంజ్ అనే పేరులో ఆ రెండో సగం ఆవిడ ఇంటిపేరే.

ఆవిడ 1849 మే 3న జర్మనీలోని ఫోర్‌ట్‌సైమ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి వడ్రంగం నుంచి ఇళ్ల కాంట్రాక్టుల దాకా ఎదిగిన డబ్బున్న మనిషి. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని ఆయన ఇంటి బైబిల్లో కాస్త నిరాశగా రాసుకున్నారని చెబుతారు. మన తాతల కాలం కథలా లేదూ? ఆ పిల్లకి సైన్సంటే ఇష్టం. కానీ ఆ ప్రాంతపు యూనివర్సిటీలు ఆడవాళ్లని రెగ్యులర్‌గా చేర్చుకున్నది 1900లో. అప్పటికి బెర్తాకి యాభై నిండాయి.

1871లో కార్ల్ బెంజ్ అనే కుర్ర ఇంజనీరు, ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి మన్‌హైమ్‌లో చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. భాగస్వామి నమ్మదగ్గ మనిషి కాదని తేలింది. మొదటి ఏడాదే నష్టం. చివరికి వర్క్‌షాప్‌లోని పనిముట్లు కూడా జప్తయ్యాయి. పనిముట్లు పోయిన మెకానిక్ అంటే ఎద్దులు పోయిన రైతే కదా.

అప్పటికి కార్ల్‌కీ బెర్తాకీ పెళ్లి కుదిరింది గానీ ఇంకా జరగలేదు. ఆవిడ తన కట్నం డబ్బు ముందే తీసుకుని, దాంతో ఆ భాగస్వామి వాటా కొనేశారు. గండం గట్టెక్కింది. 1872 జులై 20న పెళ్లయింది. ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. పెళ్లి కోసం దాచిన డబ్బు పెళ్లికి ముందే పానాలు, సుత్తులు, శాణాల పాలైందన్నమాట. అదీ ఆ అమ్మాయి సొంత నిర్ణయంతో.

తర్వాత పదహారేళ్లు సుఖంగా ఏం గడవలేదు. అప్పులు, పిల్లలు, ఆగి ఆగి నడిచే ప్రయోగాలు. 1879 డిసెంబర్ 31 రాత్రి భోజనాలయ్యాక ఇంకొక్కసారి ప్రయత్నిద్దామని భర్తని వర్క్‌షాప్‌కి లాక్కెళ్లింది బెర్తానే. ఆ రాత్రే వాళ్ల టూ స్ట్రోక్ ఇంజన్ ఆగకుండా నడిచింది. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు వెళ్లింది. దాని మీద బెర్తా పేరు లేదు.

పేటెంటు వచ్చింది, కొనేవాళ్లు రాలేదు. జనం చూసి నోరెళ్లబెట్టేవాళ్లు, డబ్బు మాత్రం తీసేవాళ్లు కాదు. కార్ల్‌కి ఒకటే పట్టు: ఇంకా సరిచేయాలి, ఇంకా బాగు చేయాలి. మన ప్రాజెక్ట్ గ్రూపులో అలాంటివాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, మీకూ తెలుసు.

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున భర్త నిద్ర లేవకముందే బెర్తా పెద్ద కొడుకులు యూజెన్, రిచర్డ్‌లని తీసుకుని మూడో మోడల్ బండెక్కి బయల్దేరారు. ఫోర్‌ట్‌సైమ్‌లోని పుట్టింటికి. సుమారు 105 కిలోమీటర్లు. అప్పటిదాకా ఏ మోటారు బండీ ఊరు దాటి అంత దూరం పోలేదు. ఆ ఇంజన్‌కి మన ఊళ్లలో తిరిగే మోపెడ్‌కున్నంత బలం కూడా లేదు. దారిలో పెట్రోల్ బంకు లేదు, మెకానిక్ షెడ్డు లేదు. అసలు మోటారు మెకానిక్ అనే ఉద్యోగమే ఇంకా పుట్టలేదు.

ఇక దారిలో ఏమైందో, ఆవిడ దగ్గర ఏం ఉన్నాయో ఒక్కొక్కటీ చూద్దాం. ఇవన్నీ ఈరోజు మన టూల్ బాక్సులో ఉన్నవే.

ఇంధనం పోయే గొట్టంలో మురికి అడ్డుపడింది. బెర్తా టోపీకి పెట్టుకున్న పొడవాటి పిన్ను తీసి పొడిచి శుభ్రం చేశారు. ఇగ్నిషన్ వైరు పైతొడుగు అరిగిపోయి కరెంటు దారి తప్పింది. మేజోళ్లు జారకుండా కట్టుకునే సాగే పట్టీ విప్పి దానికి చుట్టారు. ఇప్పుడు మన పెట్టెలో ఆ పట్టీ పేరు ఇన్సులేషన్ టేపు. దాంతోపాటు కాస్త వైరు, నాలుగైదు జిప్ టైలు, విడి ఫ్యూజులు ఉంచుకుంటే చాలు. ఒక మల్టీమీటరు కూడా. ఇంజన్ ఆపి చూస్తే నిండా ఛార్జున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దగ్గర్లో ఉండాలి. అది కూడా 12 దగ్గరే ఆగిపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్ వైపు చూడాలి. ఇంత చిన్న పరీక్ష తెలియక కొత్త బ్యాటరీలు కొన్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఆ బండికి వేరే ఇంధనపు ట్యాంకు లేదు. కార్బురేటర్లో పట్టేది నాలుగున్నర లీటర్లే. వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి లిగ్రోయిన్ కొన్నారు. బట్టల మీద మరకలు పోవడానికి అమ్మే ద్రవం అది. ఆ మందుల షాపునే ఇప్పుడు ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు అంటారు. ఇంజన్ చల్లబడటానికి పోసిన నీళ్లు ఆవిరైపోతుంటే కనబడ్డ చోటల్లా ఆపి నీళ్లు పోశారు. మన బండ్లకి కూలెంట్ ఉంది, సరే. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. లోపల ప్రెషర్‌లో ఉన్న మరిగే నీళ్లు మొహాన కొడతాయి.

కొండ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడింది, పిల్లలు దిగి తోశారు. దిగేటప్పుడు చెక్క బ్రేకులు అరిగిపోయాయి. ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆపి, బ్రేకు దిమ్మెలకి తోలు కొట్టించారు. బ్రేక్ లైనింగు అనే ఆలోచన అక్కడ మొదలైంది. గొలుసు సాగిపోతే బ్రుక్సాల్ ఊళ్లో కమ్మరి చేత బాగు చేయించారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పిన్నుతో అయ్యే పని ఆవిడ పిన్నుతో చేసుకున్నారు. కొలిమి కావాల్సిన పనిని కమ్మరికి అప్పజెప్పారు. ఏది ఇంటి పని, ఏది షెడ్డు పని అనేది తెలిసి ఉండటం కూడా పనిమంతుల లక్షణమే. టైరు, బ్యాటరీ, ఫ్యూజు, బల్బు, ఎయిర్ ఫిల్టరు, వైపరు, ఆయిల్ మార్పు ఇవి ఇంటి దగ్గర అయ్యేవి. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగుల జోలికి నేర్పేవాళ్లు పక్కన లేకుండా పోవద్దు.

సాయంత్రానికి పుట్టింటికి చేరి భర్తకి టెలిగ్రాం కొట్టారు. కొన్ని రోజులకి మళ్లీ అదే బండిలో తిరిగొచ్చారు. వచ్చి ఊరుకోలేదు. ఎత్తు ఎక్కడానికి తక్కువ వేగపు గేరు ఇంకొకటి కావాలన్నారు. కార్ల్ దాన్ని పెట్టాడు. మనమైతే దాన్ని టెస్ట్ రిపోర్ట్ అంటాం. అదే ఏడాది మ్యూనిక్ ప్రదర్శనలో ఆ బండికి బంగారు పతకం వచ్చింది. తర్వాత అమ్మకాలు మెల్లగా ఊపందుకున్నాయి. 1899లో ఆ కంపెనీ 572 బండ్లు తయారుచేసింది. అప్పట్లో ప్రపంచంలో అదే పెద్దది.

కార్ల్ 1929లో పోయాడు. బెర్తా ఇంకో పదిహేనేళ్లు లాడెన్‌బుర్గ్‌లోని ఇంట్లోనే బతికారు. 1944 మే 3న, తొంభై ఐదో పుట్టినరోజున, కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూహె ఇంజనీరింగ్ విద్యాలయం ఆవిడకి గౌరవ సెనేటర్ అనే బిరుదు ఇచ్చింది. భర్త అక్కడ పట్టా తీసుకుని అప్పటికి ఎనభై ఏళ్లు. రెండు రోజులకి, మే 5న ఆవిడ కన్నుమూశారు. ఇది చదివినప్పుడు గొంతు పట్టేసింది. మనం అటెండెన్స్ కోసం ప్రాక్సీలు వేయించుకునే తరగతి గది ముందు ఆవిడ ఒక జీవితకాలం నిలబడ్డారు.

ఈ కథంతా అమ్మకి చెప్పాను. కారు నడిపిన భాగానికి నవ్వింది. కట్నం భాగం దగ్గర మాత్రం చేతిలో పని ఆపి విన్నది. ఏమీ అనలేదు. తర్వాతి శుక్రవారం నా పుస్తకాల మీద నాలుగు వేలు పెట్టింది. ఒక షరతు కూడా పెట్టింది: టైరు మార్చడం ముందు తనకి నేర్పాలి.

ఆ డబ్బుతో సాకెట్ సెట్టు, పొడవు పిడి ఉన్న వీల్ రెంచి, మంచి స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, మల్టీమీటరు, టైరు గాలి కొలిచే గేజి, తలకి కట్టుకునే టార్చి, చేతి తొడుగులు వచ్చాయి. బండి కింద పెట్టే స్టాండ్లకి మాత్రం డబ్బు చాలలేదు. అవి లేనంతకాలం నేను బండి కింద దూరను, మీరూ దూరకండి. ఒక్క జాకీని నమ్మి కిందకి వెళ్తే ప్రాణాలు పోతాయి. టార్క్ రెంచి సెమిస్టర్ సెలవుల్లో కొనాలి. నట్లు ఎంత బిగించాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. మన టెక్స్ట్‌బుక్ లెక్కలు పనికొచ్చే చోటు అదే.

పోయిన ఆదివారం మా ఇంటి ముందు పాఠం పెట్టాను. హ్యాండ్ బ్రేకు వేయించి, ఎదురు మూల చక్రానికి ఇటుకలు అడ్డం పెట్టించాను. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలని చెప్పాను. అమ్మ కొంగు నడుముకి దోపుకుని స్పానర్ మీద కాలు పెట్టి నిలబడింది. కిర్రుమని నట్టు వదిలింది. తర్వాత జాకీ. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలంటే, ఎందుకని అడిగింది. చక్రం ఒక పక్కకి ఒరగకుండా నాలుగు వైపులా సమంగా కూర్చోవాలని చెప్పాను. వైవాలో కూడా నేనంత స్పష్టంగా ఎప్పుడూ జవాబు చెప్పలేదు. నాన్న కుర్చీ వేసుకుని చూస్తూ, చివర్లో ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చారు.

కిట్ ఇప్పుడు హాస్టల్లో నా మంచం కింద ఉంది. ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకెళ్లండి. పది నంబరు సాకెట్ మాత్రం తప్పకుండా తిరిగివ్వండి. అది మా అమ్మ చిట్టీ డబ్బు.