ఇనుము మ్రింగు శక్తిని లెక్కించిన స్టైన్‌మెట్జ్

రాత్రివేళ వ్యాపార భవనములోని దీపములన్నియు నార్పి, తలుపులకు తాళములు వేసిన పిమ్మటను ఆవరణలోని ట్రాన్స్‌ఫార్మరు సన్నగా రొద చేయుచునే యుండును. ఎవ్వరును వాడుకొనని ఆ వేళలో గూడ దానియందలి యినుము కొంత విద్యుచ్ఛక్తిని వేడిగా మార్చి వృథా చేయుచుండును. కంటికి కనబడని యీ నష్టమునకు సూత్రము కనుగొన్న మహనీయుడు చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్.

ఆయన 1865 ఏప్రిల్ 9వ తేదీన నాటి జర్మను నగరమైన బ్రెస్లావులో జన్మించెను. నేడది పోలెండు దేశములోనిది. తండ్రికి వలెనే ఆయనకును పుట్టుకతో గూను సంక్రమించెను. దేహము పొట్టి, వెన్ను వంగినది. బుద్ధి మాత్రము గణితమున నిటారుగ నిలిచెను. విశ్వవిద్యాలయమున చదువుచు సామ్యవాద పత్రికలో వ్రాసినందున ప్రభుత్వాగ్రహమునకు గురియై, 1888లో పట్టము చేతికి రాకమునుపే జన్మభూమిని విడిచి జూరిచ్ నగరమునకు పోయెను. మరుసటి యేడు అమెరికా చేరెను. అంగవైకల్యము గలవాడు, ఆంగ్లము రానివాడు, చేత ధనము లేనివాడు అగుటచే రేవులోని అధికారులు ఆయనను దేశమున ప్రవేశింపనిచ్చుటకు సందేహించిరి. తోడువచ్చిన మిత్రుడు పూచీ పడినందున గండము గడిచెను.

న్యూయార్కు సమీపమున యోంకర్సులో రుడాల్ఫ్ ఐకమేయరు కర్మాగారమున ఆయనకు చిన్న యుద్యోగము దొరకెను. విద్యుత్ మోటార్లు తయారగు ఆ చోటనే ఆయన దృష్టి యొక చిక్కు ప్రశ్నపై నిలిచెను. తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించునపుడు నడుమనున్న యినుములో అయస్కాంత దిశ క్షణక్షణము తలక్రిందులగుచుండును. అట్లు మారిన ప్రతిసారియు ఇనుము కొంత శక్తిని మ్రింగి వేడెక్కును. దీనినే హిస్టిరిసిస్ నష్టమందురు. యంత్రమును నిర్మించి, అది కాగిపోయిన పిమ్మట గాని నాటి ఇంజనీర్లకు నష్టమెంతయో సరిగా తెలియకుండెను.

స్టైన్‌మెట్జ్ కొలతలను ఓపికతో పరిశీలించి, ఆనాటి యినుములలో నష్టము అయస్కాంత సాంద్రత యొక్క 1.6వ ఘాతము ననుసరించి పెరుగునని తేల్చెను. సాంద్రత రెట్టింపయినచో నష్టము సుమారు మూడు రెట్లగునన్నమాట. 1892లో ఈ సూత్రమును అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంఘము ముందుంచెను. అది మొదలు ఎట్టి యినుము, ఎంత యినుము వలయునో కాగితము మీదనే నిర్ణయించుకొను వీలు కలిగెను. 1893లో సంకీర్ణ సంఖ్యల సాయముతో ఏకాంతర విద్యుత్తు లెక్కలను సులభతరము చేసెను.

ఆ సంవత్సరమే ఐకమేయరు సంస్థను జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కొనగా, స్టైన్‌మెట్జ్ ఆ కంపెనీలో చేరి తదుపరి స్కెనెక్టడీ నగరమున స్థిరపడెను. 1902 నుండి యూనియన్ కళాశాలలో ఆచార్యుడై బోధించెను. నగర విద్యామండలికి అధ్యక్షుడుగను పనిచేసెను. తన గూను సంతానమునకు సంక్రమించునను భయముచే వివాహమాడలేదు. తన సహాయకుడైన జోసెఫ్ హేడెనును దత్తు చేసికొని, ఆతని బిడ్డలకు తాతయై ఆనందించెను. 1923 అక్టోబరు 26వ తేదీన దివంగతుడయ్యెను.

నేటి ఉక్కులకు ఘాతసంఖ్య వేరుగా నుండవచ్చును. ఆయన చూపిన త్రోవ మాత్రము మారలేదు. నష్టము తక్కువగు సిలికాన్ ఉక్కు దిమ్మెలు గల ట్రాన్స్‌ఫార్మర్లను ఎన్నుకొనుట, అవసరమునకు మించిన పరిమాణము గలవానిని కొనకుండుట, రెండున్నచోట రాత్రివేళ నొకదానిని విడదీయుట - ఆసుపత్రులలో, కార్యాలయములలో, హోటళ్ళలో విద్యుత్తును పొదుపు చేయువారు నేడు చేయునవి యివియే. వీనికన్నిటికిని మూలము నష్టమును ముందుగా లెక్కించుటయే. లెక్కకు రాని నష్టమును తగ్గించుట యెవరి తరము? ఒకనాడు పనికిరానివాడని రేవులో నిలుపబడిన ఆ గూనివాడు లోకమునకు నేర్పిన పాఠమిదియే.