గుంటూరు డాక్టరమ్మ: అన్నా సారా కుగ్లరుగారి జీవితము

ధ్యాన భాగము: నిర్గమకాండము 1:15–21

ప్రియులారా, ఐగుప్తులో రాజాజ్ఞకు లోబడక పసిబిడ్డలను బ్రదుకనిచ్చిన షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేళ్లు పరిశుద్ధ గ్రంథమున నిలిచియున్నవి. ఆ ఫరో పేరు మాత్రము అందు లేదు. పురుడు పోయు చేతులు దేవుని దృష్టికి అంత విలువైనవి. మన తెలుగు దేశమున అట్టి చేతులు కుగ్లరుగారివి.

ఈమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించిరి. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో పట్టము పొంది, 1883లో లూథరను మిషను తరఫున గుంటూరు చేరిరి. మిషను పెద్దలు ఈమెను వైద్యమునకు గాక, స్త్రీల మధ్య బోధనకు పంపిరి. అయినను గుమ్మములోనికి వచ్చిన రోగులను ఈమె త్రిప్పి పంపలేకపోయిరి. కొంత కాలమునకు మిషనువారును వైద్యసేవకు సమ్మతించిరి.

ఆ దినములలో పురుడు మంత్రసాని చేతిమీద ఇంటనే జరిగెడిది. బిడ్డ తిన్నగా వచ్చినంతవరకు ఆమె అనుభవము చాలెడిది. బిడ్డ అడ్డము తిరిగినను, రక్తము నిలువకున్నను ఆమెకు దిక్కు తోచెడిది కాదు. మగ వైద్యునికి చూపుటకు అనేకులు ఒప్పెడివారు కారు. నొప్పులు పడు స్త్రీని నీ యిష్టమేమని అడుగువారు అరుదు.

అట్టి ఇండ్లలోనికి స్త్రీ వైద్యురాలు గనుక కుగ్లరుగారు ప్రవేశింపగలిగిరి. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరచిరి. ఏలూరు రాజావారు తమ భార్యకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞులై, రోగుల బంధువులకు అక్కడ సత్రము కట్టించిరి. మన ఆడపిల్లలు నర్సు పని నేర్చిరి. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసిరి.

ఆ ఆసుపత్రి తెరచిన నూరేండ్లకు, 1998లో, హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరచిరి. నేడు మన గ్రామముల ఆడపిల్లలు అక్కడ ఉద్యోగము చేయుచున్నారు. 2017 చట్టసవరణ వలన మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల ప్రసూతి సెలవు దొరకుచున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఇది దేవుని మేలు. అయితే నూటికి 60కి పైగా ఆపరేషను కాన్పులే.

అవసరమైన ఆపరేషను తల్లిని, బిడ్డను కాపాడును. కాని ముహూర్తము కొరకు కోయించువారును కలరు. నాడు డాక్టరు వద్దని ఇంటివారే నిర్ణయించిరి. నేడు ఈ గడియకే కోయుమని ఇంటివారే నిర్ణయించినచో, ఆ స్త్రీకి ఏమి మారినది?

తల్లులారా, అత్తలారా, మీ కోడలిని, కూతురిని ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు ఆమెనే మాటలాడనియ్యుడి. ఆపరేషను ఎందుకని డాక్టరును అడుగుటకు ఆమెకు ధైర్యము చెప్పుడి. పురుషులారా, మీరు ప్రక్కన నిలిచి వినుడి.

ప్రార్థన: ప్రభువా, ప్రసవవేదనలోనున్న ప్రతి స్త్రీ మొఱ్ఱను నీవు ఆలకించునట్లు మేమును ఆలకించుటకు మా చెవులు తెరువుము. ఆమేన్.