గుండ్లకమ్మ ఒడ్డున ఎవరు ఎవరిని ఎన్నుకున్నారు?

ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో పుట్టినవారికి క్లౌ దొర పేరు బైబిలుతో పాటే చెవిన పడుతుంది. మా నాయనమ్మకు అక్షరం రాదు. అయినా ధాత కరువు, కాలువ కూలి, గుండ్లకమ్మ బాప్తిస్మాలు వరుస తప్పకుండా చెప్పేది. ఆ కథలో మేలు చేసినవాడు దొర, మేలు పొందినవారు మేము. చాలాకాలం నేనూ అలాగే నమ్మాను. ఆయన జీవితాన్ని శ్రద్ధగా చదివిన తరువాత, ఆ కథలో కర్త ఎవరన్న ప్రశ్న నన్ను వదలలేదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. ఆయన బాల్యంలోనే కుటుంబం పడమటి రాష్ట్రాలకు తరలిపోయింది. యౌవనంలో మిన్నెసోటాలో ప్రభుత్వ భూమి కొలతల బృందంలో పనిచేశాడు. అయోవాలో చదువుకుంటూ బాప్టిస్టు విశ్వాసిగా మారాడు. 1864 చివర భార్య హ్యారియట్‌తో కలిసి ఓడ ఎక్కి, మరుసటి ఏడాది నెల్లూరు చేరాడు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. ఫలితం అంతంత మాత్రం కావడంతో దాన్ని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. అటువంటి స్థితిలో 1866 సెప్టెంబరులో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు.

ఆయనకంటే ముందే ఒక మాదిగ మనిషి దారి వేసి ఉంచాడు. ఆయన పేరు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే పేరయ్య రాజయోగ బోధలో ఆరితేరినవాడు, పల్లెల్లో శిష్యులున్న గురువు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు బోధ విని, తనంతట తానుగా వెతుక్కుంటూ వచ్చి 1866లో బాప్తిస్మం పొందాడు. భార్య నాగమ్మ ఆయనకు తోడైంది. తిరిగి వెళ్లి తన బంధువుల మధ్య, శిష్యుల మధ్య బోధించాడు. క్లౌ ఆ పల్లెలకు వెళ్లేసరికి అక్కడ వినడానికి సిద్ధంగా ఉన్న జనం ఉన్నారు. మా కథల్లో పేరయ్యకు దొర పక్కన నిలబడే చోటు మాత్రమే మిగిలింది. నిజానికి ముందు నడిచినవాడు ఆయనే.

క్లౌ ఎదుట అసలు పరీక్ష ఒంగోలులోనే వచ్చింది. ఆయన బడికి బ్రాహ్మణ, తదితర సవర్ణ కుటుంబాల పిల్లలు వస్తున్నారు. పెద్ద కులాల వారు కొందరు ఆయన బోధ పట్ల మొగ్గు చూపారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మాత్రం తాము దూరమవుతామని తెలియజేశారు. పైకులాలను ముందు గెలుచుకుంటే కింది కులాలు వాటంతట అవే వస్తాయన్నది ఆనాడు చాలామంది మిషనరీల అంచనా. క్లౌ దంపతులు ఆ సందిగ్ధంలో ఉండగా, వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచిన ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న అర్థం గల భాగం అది. దాన్ని దైవసంకేతమని నమ్మేవారు నమ్మవచ్చు. నాకు మాత్రం ఆ తరువాత జరిగినది ముఖ్యం. సవర్ణ విద్యార్థులు బడి విడిచి వెళ్లారు. మాదిగలు సంఘంలోకి వచ్చారు. కులాన్ని గుమ్మం వెలుపల ఆపకుండా అందరినీ ఒకచోట కూర్చోబెట్టలేమని తెలిసినప్పుడు, ఆయన కింది వరుసను వదులుకోలేదు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

1876లో మొదలైన ధాత కరువు ఆ సంఘం రూపాన్నే మార్చింది. మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్నప్పుడు, క్లౌ సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఒకనాటి భూమి కొలతల అనుభవం అక్కడ అక్కరకు వచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. పల్లెలో వెట్టి తప్ప వేతనం ఎరుగని మాదిగలకు తట్టకూ పారకూ లెక్కకట్టి కూలి చేతికి వచ్చింది. పని మధ్య విరామాల్లో, రాత్రి గుడిసెల్లో బోధ సాగింది.

తిండి కోసం మతం మారారన్న నింద ఆనాటి నుంచి నేటి వరకూ మమ్మల్ని వెంటాడుతూనే ఉంది. ఆ నింద వేసేవారు ఒక సంగతి మరుస్తారు. కరువు సాగిన కాలంలో దాదాపు పదిహేను నెలలు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878లో సహాయం నిధులు అయిపోయాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తరువాతనే జనం వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు తరలివచ్చారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీటిలో దిగారు. ఆ రెండో రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఆ పని పూర్తిచేశారు. క్లౌ తాను నీటిలో దిగలేదు.

బాప్తిస్మం తరువాత పల్లెలో యుద్ధం మొదలైంది. ఊరి జాతరలో డప్పు కొట్టమన్నారు, చచ్చిన పశువును తినమన్నారు, ఆదివారం పనికి రాలేమన్నారు. చెప్పులు కుట్టడం, మోటకు తోలు బానలు చేయడం అనే వృత్తిని వారు వదల్లేదు. వదిలింది అవమానాన్ని. అందుకు దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. ఆ ధిక్కారం ఏ దొరా చేతికి అందించగలిగేది కాదు.

క్లౌ పరిమితులనూ చెప్పుకోవాలి. ఆయన పల్లెలోని కులపెద్దల వ్యవస్థ మీదనే సంఘాన్ని నిర్మించాడు. అందువల్ల సంఘం వేగంగా పెరిగింది, అదే సమయంలో ఒక కులం సంఘంగా గట్టిపడింది. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు అధికులు కావడం యాదృచ్ఛికం కాదు. క్రీస్తు పేరిట కూడా రెండు పల్లెలు రెండుగానే మిగిలాయి. 1910లో ఆయన కన్నుమూసే నాటికి ఆ గీత చెరగలేదు, నేటికీ చెరగలేదు.

ఇటు రాజ్యం మరో గీత గీసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. దళిత క్రైస్తవులు వెలుపలే ఉండిపోయారు. మా నాన్న నన్ను బడిలో చేర్చేటప్పుడు హిందూ మాదిగ అని రాయించాడు. ఆదివారం ఉదయం చర్చి ముందు వరుసలో కూర్చునే మనిషి ఆయన. ఆ రోజు ఆయన చెయ్యి వణికిందో లేదో నాకు తెలియదు గానీ, కారంచేడులో 1985లో గొడ్డళ్లు ఎత్తినవారు ఎవరి మతమూ అడగలేదన్నది మాత్రం తెలుసు.

క్లౌ తిరిగిన ఆ జిల్లాలోనే, ఈదుమూడిలో 1994లో మాదిగ దండోరా మోగింది. డప్పు కొట్టమన్న తరం వారి మనవలు తమ హక్కు కోసం దాన్నే చేతబట్టారు. 2024 ఆగస్టులో వర్గీకరణకు సుప్రీంకోర్టు దారి తెరిచింది. ఆ దారిలో నడిచే హక్కు చర్చికి వెళ్లే మాదిగకు కాగితం మీద నేటికీ లేదు. గుండ్లకమ్మ నీళ్లలో దిగినవారు తమ గౌరవాన్ని తామే ఎన్నుకున్నారు. ఆ ఎన్నికకు నూట నలభై ఏళ్లు దాటాక కూడా వారి సంతానం విశ్వాసాన్ని దాచుకోవడమా, హక్కును వదులుకోవడమా అని తేల్చుకోవలసి రావడం న్యాయమేనా? ఒకనాడు ఒంగోలులో ఒక పరదేశి తేల్చుకున్న ప్రశ్న ఇది. ఇప్పుడు తేల్చవలసినది ఈ గణతంత్రం.